కార్పెట్ కింద దొరికిన ఓక్ నేల: ఏడేళ్ల వాడకం తర్వాత

న్యూజెర్సీలో మేం కొన్న ఇల్లు 1920లలో కట్టింది. కొన్నప్పుడు ఇల్లంతా గోడ నుంచి గోడ దాకా కార్పెట్టే. దాని కింద మొదట వేసిన రెడ్ ఓక్ నేల అలాగే ఉంది. దాన్ని బాగుచేయించి ఏడేళ్లు దాటింది. పాత ఇల్లు కొన్న మనవాళ్లు తరచూ అడిగేది ఒకటే, ఉన్నది ఉంచాలా, పీకేసి కొత్తది వేయించాలా అని. చెక్క కుళ్లకపోతే, చెదపట్టకపోతే ఉంచండి. ఇంత మంచి చెక్క ఇప్పుడు కొత్తగా వేయించాలంటే చాలా ఖర్చవుతుంది.

ఎస్టిమేట్ ఇవ్వడానికి వచ్చిన మొదటి కాంట్రాక్టర్ కార్పెట్ ఎత్తి కూడా చూడకుండా, మొత్తం తీసేసి వినైల్ (ప్లాస్టిక్ నేల) వేద్దామన్నాడు. రెండో అతను నేలలో వేడిగాలి వచ్చే జాలీని పైకి తీసి, ఆ కంత అంచున చెక్క ఎంత మందం ఉందో చూశాడు. అతనికే పని ఇచ్చాం. పాత ఓక్ పలక మామూలుగా ముప్పావు అంగుళం మందం ఉంటుంది. పలకలు ఒకదానిలో ఒకటి దూరే గాడికి పైన ఉండేది దాదాపు పావు అంగుళమే, యంత్రంతో పైపొర అరగదీసే సాండింగ్‌కి పనికొచ్చేది అంతే. యంత్రం పెట్టిన ప్రతిసారీ అందులో కొంత పోతుంది. అందుకే ఎంత తక్కువ అరగదీస్తే అంత మంచిదని నా గట్టి అభిప్రాయం. చిన్న చిన్న సొట్టలు, పాత గీతలు వదిలేయమని మేమే చెప్పాం.

కార్పెట్ తీశాక కిటికీ దగ్గర నల్లటి మచ్చలు బయటపడ్డాయి. ఓక్‌లో సహజంగా ఉండే టానిన్ అనే పదార్థానికి నీళ్లు, ఇనుము తగిలితే అలా నల్లబడుతుంది. మరకలు తీసే ఆక్సాలిక్ ఆమ్లంతో చాలావరకు పోయాయి. పోని చోట పలకలు మార్చారు, కొత్తవి కొనకుండా బట్టల అలమర లోపలి నేల నుంచి తీసి వేశారు. అదే వయసు, అదే రంగు. ఇప్పుడు నేనైనా వెతికి పట్టుకోలేను.

అమెరికాలో 1978కి ముందు కట్టిన ఇళ్లలో పెయింట్‌లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. చిన్నపిల్లలుంటే పని మొదలుపెట్టకముందే టెస్ట్ చేయించండి. వంటింట్లో లినోలియం కింద తొమ్మిది అంగుళాల చదరపు పాత టైల్స్, నల్లటి జిగురు కనిపించాయి. అలాంటి వాటిలో ఆస్బెస్టాస్ (పొడై ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదకరమైన పీచు) ఉండొచ్చు కాబట్టి అక్కడ యంత్రం పెట్టనివ్వలేదు. కప్పేసి పైన వేరే నేల వేయించాం.

ఇక చెక్కను కాపాడే పైపూత. కింద గదులకు ఆయిల్ బేస్డ్ పాలీయూరిథేన్ (వార్నిష్ లాంటి గట్టి పూత), పైన పడక గదులకు రెండు భాగాలు కలిపి వేసే వాటర్ బేస్డ్ పూత వేయించాం. రెండూ సాటిన్, అంటే తక్కువ మెరుపే. ఏడేళ్లలో తేడా బాగా తెలిసింది. కింద రంగు ఏటేటా ముదిరి తేనెరంగుకు వచ్చింది, చూడముచ్చటగా ఉంది. కాకపోతే రగ్గు కింద భాగం లేతగా మిగిలిపోతోంది, అప్పుడప్పుడు జరపాల్సిందే. పైన మొదటి రోజు ఎలా ఉందో దాదాపు అలాగే ఉంది. ఆయిల్ పూత వాసన ఘాటు ఎక్కువ, గట్టిపడటానికీ చాలా టైమ్ పడుతుంది. పనయ్యేదాకా ఇంట్లో ఉండాల్సి వస్తే వాటర్ బేస్డే మేలు. ఇంకో మాట, ఆయిల్ పూత తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి పారేయకండి. వాటంతట అవే మంట అంటుకోవచ్చు.

మన ఇళ్ల వాడకానికి ఈ నేల బాగా సరిపోతుంది. చెప్పులు గుమ్మం దగ్గరే విడిచేస్తాం కదా, పూతను అరగదీసేది చెప్పులకు అంటుకొచ్చే ఇసుకే. పసుపు, కుంకుమ, దీపం నూనె పడినా పూత ఉన్నచోట వెంటనే తుడిస్తే పోతున్నాయి. దేవుడి దగ్గర దీపం కుందుల కింద ఇత్తడి పళ్లెం పెడతాం. అమ్మ వచ్చినప్పుడు బకెట్‌లో నీళ్లు పెట్టుకుని తడిగుడ్డ వేయబోతే వద్దని బతిమాలాను. "నీళ్లు పోయకపోతే ఇల్లు శుభ్రమెలా అవుతుందిరా?" అంది. మైక్రోఫైబర్ గుడ్డ కొద్దిగా తడిపి పిండి తుడిస్తే చాలు. ఆవిరితో తుడిచే స్టీమ్ మాప్ అసలే వద్దు.

చలికాలంలో హీటర్ వేశాక పలకల మధ్య సందులు పడతాయి. మొదటి ఏడాది చాలా టెన్షన్ పడ్డాం. గాలిలో తేమ తగ్గి చెక్క కుంచించుకోవడమే అది, ఎండాకాలానికి మళ్లీ మూసుకుంటాయి. పుట్టీ కూరితే వేసవిలో చెక్క ఉబ్బి బయటికి నెట్టేస్తుంది. తేమ 35 నుంచి 50 శాతం మధ్య ఉండేలా గాలికి తేమనిచ్చే హ్యుమిడిఫైయర్ పెట్టాక సందులు బాగా తగ్గాయి.

ఇబ్బందులూ ఉన్నాయి. పైన పిల్లలు పరుగెత్తితే కింద దడదడమంటుంది, కార్పెట్ రోజుల్లో ఆ బాధ లేదు. జనవరిలో పొద్దున్నే కాలు పెడితే జివ్వుమంటుంది. వంటింటి గుమ్మం దగ్గర రోకలి పడి ఒక సొట్ట పడింది.

ఐదో ఏడు హాల్లో నడిచే దారి మసకబారింది. చెక్క బయటపడకముందే పైపైన రుద్ది ఒక పూత వేయించాం. పూర్తి సాండింగ్‌తో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ, చెక్కా అరగలేదు. ఎప్పుడు చేయించాలో తెలియాలంటే నడిచే దారిలో ఒక నీటిబొట్టు వేసి చూడండి. బొట్టుగా నిలిస్తే పూత ఉన్నట్టే, ఇంకి నల్లబడితే ఆలస్యమైనట్టే. మైనం, మెరుపు తెచ్చే ద్రావణాలు వాడి ఉంటే మాత్రం కొత్త పూత పట్టదు, అందుకే వాటి జోలికి మేం పోలేదు. వచ్చే ఏడాది పై గదులకు కూడా ఇలాగే ఒక పూత, అదే వాటర్ బేస్డ్ రకం, వేయించబోతున్నాం.