డెగూ పిల్లలు, బాలింత తల్లి: రెండేళ్ల వాడకంలో అక్కరకొచ్చినవి, రానివి

మా చుక్క ఒక డెగూ, అంటే ఎలుకను పోలిన చిన్న పెంపుడు జంతువు. అది మూడు నెలల తేడాలో రెండుసార్లు పిల్లలు పెట్టింది. మొదటిసారి ఆరు, రెండోసారి ఐదు. అది జరిగి రెండేళ్లు దాటింది. అప్పుడు కంగారులో తెచ్చుకున్న సామాన్లలో కొన్ని ఇప్పటికీ చేతిలో ఆడుతున్నాయి, కొన్ని మూడో రోజుకే మూలపడ్డాయి. ఇంట్లో డెగూ చూలుతో ఉందని ఇవాళే తెలిసినవాళ్లకు ఏది ముందు కావాలో, ఏది అక్కర్లేదో నేను వాడి చూసిన మేరకు చెబుతాను.

నాకు పిల్లల్ని పుట్టించాలన్న ఆలోచన లేదు. అమ్మినవాళ్లు అక్కాచెల్లెళ్లని చెప్పి రెండు ఇచ్చారు, అందులో ఒకటి మగది. డెగూల్లో ఆడదానికి కూడా మూత్రం వచ్చే చోట చిన్న బుడిపె పొడుచుకొచ్చి ఉంటుంది. దాన్ని చూసి మగదనుకునేవాళ్లూ, రెండింటికీ ఉంది కదా, రెండూ ఒకటేలే అనుకునేవాళ్లూ ఉంటారు. చూడాల్సింది ఆ బుడిపెకూ మలద్వారానికీ మధ్య ఉన్న ఎడం. ఆడదానిలో రెండూ ఆనుకుని ఉంటాయి, మగదానిలో మధ్యన ఖాళీ తెలిసిపోతుంది. ఇది నేను నేర్చుకునేసరికి చుక్క పొట్ట రెండు పక్కలా సంచిలా వేలాడుతోంది.

డెగూ చూలు దాదాపు 90 రోజులు. ఎలుక మూడు వారాల్లోనే ఎర్రటి ముద్దల్లాంటి పిల్లల్ని పెడుతుంది, వాటికి కళ్లు తెరవడానికే రెండు వారాలు పడుతుంది. డెగూ పిల్లలు ఒంటినిండా బొచ్చుతో, పళ్లతో పుడతాయి. కళ్లు పుట్టినప్పుడో, ఒకట్రెండు రోజుల్లోనో తెరుస్తాయి. పుట్టిన కొద్ది గంటలకే పాకుతూ గూడు బయటికొచ్చేస్తాయి. అందుకే మిగతా చిన్న జంతువులకు పనికొచ్చిన కేజ్ వీటికి పనికిరాదు. నా మొదటి దెబ్బ అక్కడే తగిలింది.

నా దగ్గరున్నది మూడంతస్తుల ఇనుప కేజ్. పెద్ద డెగూలకు అది చాలా మంచిది, రెండేళ్లలో ఒక్క ఊచ వంగలేదు, తుప్పు పట్టలేదు. ఊచల మధ్య ఎడం మాత్రం రెండు సెంటీమీటర్లు. రెండో రోజు రాత్రి ఒక పిల్ల అందులోంచి బయటికి జారింది. సన్నగా కీచుమంటుంటే వెతుక్కుంటూ వెళ్లి బీరువా కింద పట్టుకున్నాను. చేతికి చల్లగా తగిలింది. అరచేతుల మధ్య పెట్టుకుని, గుండెకు ఆనించుకుని గంటసేపు కూర్చుంటే అప్పుడు కదిలింది. అది బతికింది. ఇంకొకటి బతకలేదు. చుక్క పిల్లల్ని ఒక్కోదాన్ని నోట కరుచుకుని పై అంతస్తుకు మార్చబోతుంటే ఒకటి జారి కిందపడింది, మర్నాటికి పోయింది. తల్లి తప్పేమీ లేదు. మూడంతస్తులు దానికి అందుబాటులో ఉంచింది నేను.

రెండో ఈతకు మీటరు పొడవున్న గాజు ట్యాంకు, దాని మీదికి సన్న జాలీ మూత వాడాను. లోపల అంతస్తులు లేవు, అంతా ఒకటే నేల. నెలన్నర పాటు ఇంతకన్నా నిశ్చింతనిచ్చింది ఇంకేదీ లేదు. లోపం లేదని కాదు. గాజు గోడల మధ్య గాలి ఆడదు, మూత్రం వాసన నిలిచిపోతుంది, రెండ్రోజులకోసారి తడి మూల తీసేయాల్సిందే. ఎండ తగిలే చోట పెడితే లోపల కొలిమే. ఆరు వారాలు దాటాక అందులో ఉంచకూడదు, అప్పటికి వాటికి ఎగరడానికి ఎత్తు కావాలి. ట్యాంకు దొరక్కపోతే ఉన్న కేజ్ పై అంతస్తులు తీసేసి, చుట్టూ పావు అంగుళం కన్నుల ఇనుప జాలీ కట్టినా సరిపోతుంది. ప్లాస్టిక్ జాలీ వద్దు, చుక్క ఒక్క సాయంత్రంలో కొరికేసింది.

ఇప్పుడు కాటా సంగతి. వంటింట్లో వాడే డిజిటల్ కాటా, ఒక గ్రాము తేడా చూపించేది. ఇన్ని వస్తువుల్లో నేను గట్టిగా నమ్మి చెప్పేది ఇదొక్కటే. డెగూ పిల్ల పుట్టినప్పుడు 14 గ్రాములు అటూ ఇటూ ఉంటుంది. చూపుకు ఆరూ ఒకేలా ఉంటాయి, ఆరూ గంతులేస్తుంటాయి. పాలు అందనిది ఏదో కంటితో పోల్చుకోలేం, పోల్చుకునేసరికి ఆలస్యమైపోతుంది. మొదటి ఈతలో నేను తూచలేదు. రెండో ఈతలో రోజూ ఉదయం ఒకే వేళకు తూచాను. వీపు మీద ఒక్కోదానికి ఒక్కో చోట చిటికెడు బొచ్చు కత్తిరించి గుర్తు పెట్టుకున్నాను. మగ్గులో ఫ్లీస్ గుడ్డ పరిచి, కాటా మీద పెట్టి సున్నాకు తెచ్చి, పిల్లను అందులోకి దించేదాన్ని. నాలుగు కాళ్లూ గుడ్డలోకి దిగబెట్టి, మీసాలు వణికిస్తూ పైకి చూసేది. అంకె నిలబడటానికి ఒక్క క్షణం చాలు. చేతులకు ముందుగా వాళ్ల గూటి ఎండుగడ్డి రుద్దుకునేదాన్ని, చుక్క కూడా నా ముంజేతి మీదికెక్కి మగ్గులోకి తొంగి చూసేది.

ఐదింటిలో చిన్నది 11 గ్రాములతో పుట్టింది. రెండో రోజు 11, మూడో రోజు 11. మిగతావి రోజుకో గ్రాము, గ్రామున్నర ఎక్కుతున్నాయి. పశువైద్యుణ్ణి అడిగితే, ముందు తల్లి పాలే సరిగ్గా అందేలా చూడమన్నారు. పెద్దవి మూడింటినీ రోజుకు మూడుసార్లు, ఒక్కోసారి ఇరవై నిమిషాలు, గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసా పక్కన డబ్బాలో ఉంచి, చిన్నదాన్నీ ఇంకోదాన్నీ తల్లి దగ్గర వదిలాను. ఐదో రోజు 12 చూపించింది. ఆ అంకె చూసి నేను ఎంత ఊపిరి పీల్చుకున్నానో చెప్పలేను. నాలుగు వారాలకు మిగతావి 60 గ్రాముల చుట్టూ ఉంటే ఇది 51 దగ్గర ఉంది. ఇప్పుడు దాని అక్కల కన్నా బరువే.

తల్లిని కూడా తూచండి. పాలిచ్చేటప్పుడు చుక్క మొదటి రెండు వారాల్లో 18 గ్రాములు తగ్గింది. మామూలు ఎండుగడ్డికి తోడు లూసర్న్ గడ్డి, పెల్లెట్లు (గుళికల మేత) కాస్త ఎక్కువ వేస్తే మెల్లగా కోలుకుంది. లూసర్న్‌లో మాంసకృత్తులు, కాల్షియం ఎక్కువ కాబట్టి బాలింతకు మంచిదే, పిల్లలు పాలు మానాక ఆపేయాలి. పెల్లెట్లలో బెల్లపుమడ్డి, ఎండుపళ్ల ముక్కలు ఉంటే ఎంత నీరసంగా ఉన్నా పెట్టకండి. డెగూ ఒంటికి చక్కెర తట్టుకునే శక్తి లేదు, షుగరు వ్యాధి తొందరగా వస్తుంది, దాంతో కంట్లో శుక్లాలు పడతాయి. నీళ్ల సీసా రెండోది పిల్లలకు అందేంత కిందికి కట్టాలి.

తండ్రి విషయంలో నేను చేసిన పొరపాటు వల్లే రెండో ఈత వచ్చింది. డెగూ తండ్రి మంచివాడు, పిల్లల మీద పడుకుని వెచ్చగా ఉంచుతాడు. అది చూసి ముచ్చటపడి అతన్ని వెంటనే తీయలేదు. పిల్లలు పెట్టిన రోజే ఆడ డెగూ మళ్లీ చూలు కట్టగలదు. మర్నాడు పొద్దున వేరు చేశాను, సరిగ్గా మూడు నెలలకు ఐదుగురు దిగారు. పాలిస్తూనే కడుపు మోయడం ఎంత కష్టమో చుక్క వెన్నెముక చేతికి తగిలినప్పుడు తెలిసింది. ఇంకో పెద్ద కేజ్ ఈనకముందే సిద్ధంగా ఉండాలి. మగపిల్లల్ని కూడా ఆరు వారాలలోపు తల్లి నుంచీ చెల్లెళ్ల నుంచీ వేరు చేయాలి. మూడో వారం నుంచే ఫోన్‌తో కింది భాగం ఫొటోలు తీసి, అన్నిటినీ పక్కపక్కన పెట్టి ఎడం పోల్చి చూశాను. ఒక్కదాన్ని విడిగా చూస్తే తేలనిది పక్కన ఇంకోటి ఉంటే తేలిపోతుంది.

చెక్క గూడుపెట్టె బాగా పనికొచ్చింది, అడుగు లేనిదైతే ఇంకా మేలు, పైకెత్తి లోపల చూసి మళ్లీ బోర్లించేయొచ్చు. రెండేళ్లకు అంచులు సగం కొరికేశారు, మూత్రం ఇంకి వాసనొస్తోంది, ఇక మార్చాలి. పరుపు కోసం అమ్మే మెత్తటి దూది మాత్రం ఇంట్లోకి తేవద్దు. పిల్ల కాలికి దాని పోగు చుట్టుకుని బిగుసుకుపోతే సన్న కత్తెరతో తీయడానికి నాకు చెమటలు పట్టాయి. వాసన లేని టిష్యూ కాగితం చీలికలు ఇస్తే చుక్క నోటినిండా కుక్కుకుని మోసుకెళ్లి గూడు అల్లుకుంది.

డెగూలు ఒళ్లు దొర్లించుకునే ఇసుక తొట్టి మొదటి వారం తీసేశాను, పిల్లల కళ్లలోనూ తల్లి పచ్చిగాయాల్లోనూ పడకుండా. అవి పరుగెత్తే చక్రం నాలుగు వారాలు తీసేశాను. అది 30 సెంటీమీటర్ల ఇనుప చక్రం, కాలు ఇరుక్కునే కంతలు లేనిది, రెండేళ్లుగా చప్పుడు లేకుండా తిరుగుతోంది. హీటింగ్ ప్యాడ్ కొన్నాను, ఒక్కసారి కూడా వాడలేదు. ప్లాస్టిక్ గుడిసె వారంలో ముక్కలైంది.

అట్ట గొట్టాలు పైసా ఖర్చు లేనివి, వాటికి ఎంత చెప్పినా తక్కువే. పిల్లను ఎత్తాల్సి వచ్చినప్పుడు గొట్టం అడ్డం పెడితే అదే లోపలికి వెళ్తుంది, రెండు చివరలూ మూసి ఎత్తేయడమే. తోక మాత్రం ఎవరినీ పట్టుకోనివ్వకండి. పట్టుకుని లాగితే తోలు ఊడి చేతిలోకి వచ్చేస్తుంది, ఆ మిగిలిన ఎముకను డెగూ తానే కొరికేసుకుంటుంది, తోక మళ్లీ మొలవదు.

ఇంకొకటి చెప్పాలి, కొనే వస్తువు కాదు. పాలివ్వడానికి కూర్చున్నప్పుడు చుక్క గొంతులో కువకువమని ఒక సన్నటి రాగం తీసేది. ఎక్కడెక్కడో ఉన్న పిల్లలు ఆ చప్పుడుకు పరుగెత్తుకొచ్చి దాని కిందికి దూరేవి. రెండో ఈతలో మొదటి ఈత కూతుళ్లు కూడా వచ్చి బుజ్జివాటి మీద పడుకునేవి. ఆ రాగం రోజుకు నాలుగైదుసార్లు వినిపిస్తోందంటే నేను ట్యాంకు దగ్గరికి వెళ్లేదాన్ని కాదు, ఉదయం తూచడం తప్ప.

కాటా ఇప్పుడు వారానికోసారి, ఆదివారం పొద్దున బయటికొస్తుంది. సున్నా బటన్ మీది అక్షరాలు అరిగిపోయాయి, బ్యాటరీ రెండుసార్లు మార్చాను. మొన్న చుక్క 214 గ్రాములు తూగింది.