వరద నీళ్ళు పోయాక ఇల్లు ఆరబెట్టించాం: నాలుగు వానాకాలాలు చూశాక నా మాట

మాది తిరుపతిలో ఎం.ఆర్.పల్లి వైపు, కింది పోర్షన్. 2021 నవంబరు వానల గురించి ఈ ఊళ్ళో ఎవరి కథ వాళ్ళకుంది. స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్ట ఎక్కడ తెగుతుందోనని కింద ఉన్న ఊళ్ళను ఖాళీ చేయించారు, ఘాట్ రోడ్ల మీద కొండచరియలు పడ్డాయి. మా ఇంట్లో మోకాళ్ళ లోతు నీళ్ళు నిలిచాయి, అంతే. ఆ తర్వాత ఇల్లు బాగుచేయడానికి పెట్టుకున్న కంపెనీ గురించే రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. మెచ్చుకోవాల్సింది చాలానే ఉంది గానీ, తెగని తగాదా కూడా ఒకటుంది.

ముందు తెలిసిన మేస్త్రీని పిలిచాం. పెచ్చులు లేచినచోట గీకి, పుట్టీ పెట్టి, రెండు కోట్లు రంగు కొట్టి సంక్రాంతికల్లా ఇచ్చేస్తానన్నాడు. అరవై వేలు అడిగాడు. ఈ కంపెనీ వాళ్ళు వంటింటి చెక్కపనితో కలిపి రెండు లక్షల పైచిలుకు చెప్పారు. అదీకాక సంక్రాంతికి రంగు కుదరదు, ఎండాకాలం దాకా ఆగాలన్నారు. మా ఆయనకు ఒళ్ళు మండింది. ఎక్కువ డబ్బులడిగి తక్కువ పని చెప్తున్నారని ఆయన బాధ. వచ్చిన సూపర్‌వైజర్ చెన్నై మనిషి. 2015లో అక్కడ వరదలొచ్చినప్పుడు ఇళ్ళు ఆరబెట్టడమే పనిగా తిరిగానన్నాడు. అరవం, తెలుగు కలిపి మాట్లాడతాడు. "గోడ లోపల తడి ఉండగా రంగు వేస్తే ఆ డబ్బు నీళ్ళలో పోసినట్టే అక్కా" అన్నాడు. అని ఊరుకోకుండా గోడలో తడి ఎంతుందో కొలిచే మీటరు తీసి చూపించాడు.

నన్ను ఒప్పించింది ఆ మీటరే. అరచేతిలో పట్టేంత పెట్టె, దానికి రెండు సూదులు. చీలమండ ఎత్తులో ఒకసారి, మోకాలి ఎత్తులో ఒకసారి, నడుము ఎత్తులో ఒకసారి గోడకు గుచ్చి, కనబడిన అంకెను, తేదీని అక్కడే పెన్సిల్‌తో రాశాడు. నీళ్ళు మోకాలి దాకానే వచ్చాయి కదా, నడుము ఎత్తులో కూడా అంకె ఎక్కువే ఉంది. ఇటుక నీళ్ళను పైకి లాక్కుంటుందట. బురద గీత ఎక్కడుందో చూసి అక్కడిదాకా కొడితే చాలదు, దానిమీద ఇంకో అడుగున్నర దాకా ప్లాస్టరింగ్ కొట్టేయాలన్నాడు. కొట్టేశారు. కొన్ని నెలలు మా హాలు ఎర్ర ఇటుకలతో, పెన్సిల్ లెక్కలతో నిండిపోయింది. వచ్చిన చుట్టాలంతా "ఇదేందమ్మా ఇట్లా పెట్టుకున్నారు" అనేవాళ్ళు. వాళ్ళకు సమాధానం చెప్పడమే పెద్ద పనైంది.

ఆరబెట్టే మిషన్లతో ఇంకో గొడవ. అవి గాలిలోని తేమను లాగి బకెట్లోకి దించుతాయి. మొదట్లో పొద్దున ఒక బకెట్, సాయంత్రం ఒక బకెట్ పారబోసేవాళ్ళం. మిషన్ నడిచినంతసేపూ కిటికీలు, తలుపులు మూసి ఉంచాలి. మా అత్తయ్య ఒప్పుకోదే! ఇల్లు ఆరాలంటే కిటికీలు బార్లా తీయాలని ఆమె వాదన. మే నెలలో అయితే ఆమె మాటే కరెక్టు, మన ఎండకు ఏ మిషనూ అక్కర్లేదు. కానీ మనకు అసలు వానలు పడేది ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అప్పుడు బయటి గాలే తడిగా ఉంటుంది. కిటికీ తీస్తే మిషన్ మన గోడను వదిలేసి వీధిని ఆరబెడుతుంది. ఇది ఆమెకు చెప్పి ఒప్పించడానికి సూపర్‌వైజర్ కాఫీ తాగుతూ చాలాసేపు కూర్చున్నాడు. ఒప్పుకుంది గానీ, అతను గేటు దాటగానే వంటింటి కిటికీ తీసింది. కరెంటు బిల్లు మాత్రం బాగానే వాచింది. ఆ ఖర్చు కొటేషన్‌లో ఉండదు, ముందే అడిగి తెలుసుకోండి.

గోడ పైపైన ఆరాక తెల్లగా ఉప్పు పొంగింది. నేను బూజు అనుకుని భయపడ్డాను. ఇటుకలో, సిమెంటులో ఉన్న లవణాలను తడి బయటికి తెస్తుంది, నీరు ఆవిరైపోయి ఉప్పు మిగులుతుంది. పొడి బ్రష్‌తో దులిపించారు, మళ్ళీ పొంగింది, మళ్ళీ దులిపారు. తడి గుడ్డతో తుడవొద్దన్నారు, తుడిస్తే ఉప్పు కరిగి తిరిగి లోపలికే పోతుందట. పొంగడం తగ్గాకే వాటర్‌ప్రూఫ్ మందు కలిపిన సిమెంటుతో ప్లాస్టరింగ్ చేశారు. రంగు ఏప్రిల్‌లో వేశారు. మా వీధిలో కొందరు చెమ్మ కనబడకుండా నడుము ఎత్తు దాకా టైల్స్ అంటించుకున్నారు. ఆ టైల్స్ ఇప్పటికీ నిగనిగలాడుతున్నాయి, వాటి పైన గోడ మాత్రం పొరలు పొరలుగా రాలుతోంది. చెమ్మకు బయటికి పోయే దారి మూస్తే పైకి ఎక్కి అక్కడ తేలుతుంది.

కరెంటు పని విషయంలో వంక పెట్టడానికి లేదు. కింది ప్లగ్గులన్నీ విప్పి, పైపుల్లో నిలిచిన నీళ్ళు తీసి, పాత వైర్లు లాగేసి కొత్తవి వేశారు. మెగ్గర్ (వైర్ల ఇన్సులేషన్ బాగుందో లేదో చూసే మీటరు) పెట్టి ఒక్కో లైను పరీక్షించాకే మెయిన్ ఆన్ చేశారు. ముప్ఫై మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి కూడా పెట్టించారు. తడి గోడల ఇంట్లో పిల్లలు తిరుగుతున్నప్పుడు మన టెన్షన్ తగ్గించేది అదే.

సంపు సంగతి కూడా చెప్పాలి. బురద నీళ్ళు దిగాయి కాబట్టి మోటరు పెట్టి మొత్తం తోడేసి కడగాలని అందరికీ అనిపిస్తుంది. సూపర్‌వైజర్ వద్దన్నాడు. చుట్టూ నేల నీళ్ళతో నిండి ఉన్నప్పుడు ఖాళీ సంపు పడవలా పైకి తేలుతుంది. అదే నవంబరులో మా ఊళ్ళోనే కృష్ణానగర్‌లో కడుగుతుండగానే సంపు భూమిలోంచి పైకి లేచింది, జనం వింతగా వెళ్ళి చూసొచ్చారు. మేం నేల గుంజుకునేదాకా ఆగి, సగం సగం తోడి, బ్లీచింగ్ వేసి కడిగాం.

ఇన్సూరెన్స్: లోనుతో పాటు బ్యాంకు తీయించిన పాత పాలసీ ఇంటి కట్టడం వరకే, సామానుకు కాదు, కాబట్టి ఫ్రిజ్, మంచాలు పోయినట్టే. గోడల తాలూకు డబ్బు కొంత వచ్చింది. సర్వేయరుకు వీళ్ళు తీసిన ఫొటోలు, మీటరు లెక్కల కాగితం బాగా పనికొచ్చాయి. 2021 ఏప్రిల్ నుంచి వస్తున్న భారత్ గృహ రక్ష పాలసీలో వరదకు కవర్ ఉంది. కట్టడం విలువలో ఇరవై శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా ఇంట్లోని సామానుకూ వర్తిస్తుంది. మేం అప్పుడే దానికి మారిపోయాం.

ఇక తగాదా. వంటింటి కప్‌బోర్డులకు నీళ్ళలో నానినా చెడని మెరైన్ ప్లైవుడ్ వేస్తామని కొటేషన్‌లో రాసి, ఆ రేటే తీసుకున్నారు. రెండేళ్ళు తిరక్కముందే సింకు కింది అర అట్టలాగా ఉబ్బింది. మా వడ్రంగి దాన్ని ఊడదీసి వెనక్కి తిప్పితే ముద్ర కనబడింది: ఐఎస్ 303, అంటే మామూలు వాడకం ప్లైవుడ్. మెరైన్ ప్లైవుడ్ మీద ఐఎస్ 710 అని ఉండాలి. ఫోన్ చేస్తే, చెక్కపని సబ్ కాంట్రాక్టుకిచ్చాం అన్నారు. డబ్బు తీసుకున్నది వాళ్ళు, సబ్ కాంట్రాక్టరుతో నాకేం పని? చాలా వాదించాక సింకు అర ఒక్కటి మార్చారు. మిగతా వాటి గురించి అడిగితే "చూద్దాం మేడం" అంటున్నారు. అక్కా అని పిలిచిన సూపర్‌వైజర్ కంపెనీ మారిపోయాడు, అదీ ఒక నష్టమే. ప్లైవుడ్ షీటు కోయకముందే ముద్ర చూసి ఫొటో తీసి పెట్టుకోండి, లామినేట్ అంటించాక ఎవరికీ కనబడదు.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు మళ్ళీ కుండపోత కురిసింది. నీళ్ళు మా మెట్ల దాకా వచ్చి ఆగాయి. హాలు గోడల్లో అప్పుడూ చెమ్మ ఎక్కలేదు, ఇప్పుడూ లేదు. పూజగదిలో బాత్రూం గోడ ఆనుకున్న మూల మాత్రం అరచేయంత మచ్చ ఉంది. గ్యారంటీ కాగితం చూపిస్తే, అది వరద చెమ్మ కాదు, పైపు లీకు అన్నారు. ప్లంబరు తవ్వి చూస్తే నిజంగానే ఎల్బో దగ్గర కారుతోంది, కాబట్టి ఆ విషయంలో వాళ్ళను ఏమీ అనలేను. మళ్ళీ అవసరం పడితే గోడలకు, వైరింగుకు వాళ్ళకే ఫోన్ చేస్తాను. చెక్కపనికి తుమ్మలగుంట వడ్రంగి ఉన్నాడు, మిగిలిన కప్‌బోర్డులకు అతను కొలతలు తీసుకుని వెళ్ళాడు.