బ్లూ-రే ప్లేయరా, ఓటీటీయా? మన ఇళ్లకు ఏది మేలు?

బ్లూ-రే అంటే డీవీడీలాంటి డిస్కే, కాకపోతే అంతకన్నా చాలా ఎక్కువ పడుతుంది, బొమ్మ బాగుంటుంది. ఇప్పుడు విజయనగరంలో ఎవరైనా ఆ డిస్కులు ఆడించే బ్లూ-రే ప్లేయర్ కొన్నారంటే "నెట్ ఉండగా ఇదెందుకండీ?" అని అడిగేవాళ్లే ఎక్కువ. మా ఇంట్లో రెండూ ఒకే టీవీకి పెట్టి చూస్తున్నాం కాబట్టి జవాబు సూటిగానే చెప్తాను. ఒకసారి చూసి వదిలేసే సినిమాకి ఓటీటీ చాలు. మళ్లీ మళ్లీ చూసే సినిమాకి మాత్రం డిస్కే.

ముందు బొమ్మ సంగతి. రెండింటి మీదా ఫుల్ హెచ్‌డీ అనే రాసి ఉంటుంది. కానీ ఆ స్థాయి బొమ్మకి నెట్‌లో సెకనుకు 5 మెగాబిట్ల వేగం ఉంటే సరిపోతుందంటారు. బ్లూ-రేలో ఒక్క బొమ్మకే 40 మెగాబిట్ల దాకా వాడుకోవచ్చు. రెండున్నర గంటల సినిమా ఆ లెక్కన నెట్‌లో ఐదారు జీబీల్లో సరిపెట్టేస్తారు. డిస్కులో అదే సినిమాకి 30 జీబీలు ఇచ్చినా ఇబ్బంది లేదు. ఒక పొర ఉన్న బ్లూ-రేలో 25 జీబీలు, రెండు పొరలుంటే 50 జీబీలు పడతాయి మరి. ఈ తేడా వాన, పొగ, రాత్రి సీన్లలో బయటపడుతుంది. నెట్‌లో చీకటి గళ్లుగళ్లుగా విడిపోతుంది, సాయంత్రం ఆకాశం రంగులు చారలు కడతాయి. డిస్కులో అవి కుదురుగా ఉంటాయి. అయితే 32 అంగుళాల టీవీని పది అడుగుల దూరం నుంచి చూసేవాళ్లకి ఇదంతా పెద్దగా తెలియదు. 55 అంగుళాల టీవీ అయితే పిల్లలే చెప్పేస్తారు.

నాకైతే బొమ్మ కన్నా ధ్వని ముఖ్యం. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠాలు చెప్పిన, ఘంటసాల గారు చదువుకున్న సంగీత కళాశాల ఉన్న ఊరు మనది. పాట వినే దగ్గర సర్దుకుపోవాలంటే నాకు మనసొప్పదు. డీటీఎస్ హెచ్‌డీ మాస్టర్ ఆడియో, డాల్బీ ట్రూహెచ్‌డీ అనే పద్ధతుల్లో ధ్వనిని ఏమాత్రం కోత పెట్టకుండా బ్లూ-రేలోకి ఎక్కిస్తారు. ఓటీటీల్లో సాధారణంగా వచ్చేది డాల్బీ డిజిటల్ ప్లస్, అంటే బాగా కుదించింది. డోలు, నాదస్వరం, వెనకాల వయొలిన్లు ఒక్కసారిగా అందుకునే చోట రెండూ మార్చి మార్చి వినండి, ఎవరూ చెప్పక్కర్లేదు.

కొత్తగా కొన్నవాళ్లు చాలామంది నష్టపోయేది కూడా ఈ ధ్వని దగ్గరే. ప్లేయర్‌ని టీవీకి పెట్టి, టీవీ నుంచి మామూలు ఏఆర్‌సీ (టీవీ ధ్వనిని హెచ్‌డీఎంఐ వైరు మీదుగా బయటికి పంపే పద్ధతి) ద్వారా సౌండ్‌బార్‌కి తీసుకుంటే ఆ పూర్తి ధ్వని సౌండ్‌బార్ దాకా చేరదు. టీవీకీ, సౌండ్‌బార్‌కీ రెండింటికీ ఈఏఆర్‌సీ, అంటే పూర్తి ధ్వనిని మోయగల కొత్త రకం ఏఆర్‌సీ, ఉండాలి. లేదంటే సౌండ్‌బార్‌లో హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ ఉందో లేదో చూసుకుని ప్లేయర్‌ని నేరుగా దానికే పెట్టాలి. టీవీలో ఉన్న స్పీకర్లతోనే వినేవాళ్లు ధ్వని కోసమని ప్లేయర్ కొనొద్దు.

నెట్ విషయానికొస్తే, మామూలు రోజుల్లో ఓటీటీకి తిరుగులేదు. రిమోట్ నొక్కితే సినిమా వస్తుంది. ప్లేయర్ ఆన్ అయ్యి, డిస్క్ చదువుకుని, హెచ్చరికలన్నీ చూపించి సినిమా మొదలుపెట్టేసరికి ఓపిక లేనివాళ్లు లేచిపోతారు. కానీ మన తీరంలో అన్నీ మామూలు రోజులు కావు. 2014లో హుద్‌హుద్ చూశాం. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది. మా అప్పా వాళ్లది అటువైపే. గాలివాన తర్వాత ముందు కరెంటు వస్తుంది, తెగిపోయిన కేబుల్ వైర్లు అతికేది ఆ తర్వాతే. డిస్కుకి కరెంటు ఒక్కటి ఉంటే చాలు. ఇంకో సంగతి కూడా ఉంది. ఓటీటీలో హక్కుల గడువు తీరితే మనం ఇష్టపడిన సినిమా చెప్పాపెట్టకుండా మాయమవుతుంది. డబ్బు పెట్టి కొన్న డిస్క్ బీరువాలోంచి ఎక్కడికీ పోదు.

డిస్కుల అసలు లోటు దాచను. తెలుగు సినిమాలు బ్లూ-రేలో వచ్చినవి తక్కువ, ఇప్పటి కొత్త సినిమాలు దాదాపు అన్నీ నేరుగా ఓటీటీకే పోతున్నాయి. కొత్త తెలుగు సినిమాల కోసమే అయితే ప్లేయర్ వద్దు. కానీ పాత డీవీడీలు ఉన్న ఇల్లయితే లెక్క మారుతుంది. మోజర్ బేర్ వాళ్లు 34 రూపాయలకు డీవీడీ అమ్మిన రోజుల్లో కొన్నవి మనవాళ్ల ఇళ్లలో ఇంకా ఉన్నాయి. వాటిని బ్లూ-రే ప్లేయర్ ఆడించడమే కాదు, పెద్ద టీవీకి సరిపడేలా బొమ్మని పెంచి చూపిస్తుంది. 28 రూపాయల వీసీడీలు మాత్రం అన్ని ప్లేయర్లలోనూ ఆడవు, కొనేముందు అడగండి.

పెన్‌డ్రైవ్‌లో ఎవరో ఎక్కించిచ్చే సినిమాల గురించి చెప్పేదేం లేదు. దొంగ కాపీలు అవి. ఇంటి పెళ్లి వీడియోలకి పెన్‌డ్రైవ్ బాగానే ఉంటుంది.

ప్లేయరే కొనాలనుకుంటే ఆలస్యం చేయకపోవడం మంచిది. ఒప్పో 2018లో బ్లూ-రే ప్లేయర్ల తయారీ మానేసింది, 2019లో సామ్‌సంగ్ కూడా తప్పుకుంటున్నట్టు చెప్పింది. మన ఊరి షాపుల్లో అడిగితే తెప్పించాలంటారు, కాబట్టి ఆన్‌లైన్‌లోనే వెతుక్కోవాలి. ఇంట్లో గేములాడే పిల్లలుంటే డిస్క్ డ్రైవ్ ఉన్న ప్లేస్టేషన్ 5 కూడా ఆలోచించొచ్చు, ఫుల్ హెచ్‌డీ కన్నా స్పష్టంగా ఉండే 4కె బ్లూ-రేలు కూడా ఆడిస్తుంది. కానీ అది పాటల సీడీలు ఆడించదు. అందుకే మా అప్పకి విడి ప్లేయరే తీసుకోమన్నాను. బావగారి దగ్గర కచేరీల సీడీలు దొంతర్లుగా ఉన్నాయి.

అమెరికా నుంచి పిల్లలు డిస్కులు తెస్తామంటే ముందే ఒక మాట చెప్పండి. బ్లూ-రేలకి రీజియన్లుంటాయి, అంటే ఏ దేశాల ప్లేయర్లలో ఆడాలో చెప్పే గుర్తులు. మనది సి, అమెరికా ఏ, ఇంగ్లండ్ బి. ఏ అని మాత్రమే ఉన్న డిస్క్ ఇక్కడ కొన్న ప్లేయర్‌లో ఆడదు. అట్ట వెనకాల ఏబీసీ మూడూ ఉన్నవి తెమ్మనాలి, లేదా 4కె డిస్కులు తెమ్మనాలి. 4కె డిస్కులకి ఈ రీజియన్ గొడవ లేదు. కాకపోతే వాటికి 4కె ప్లేయరే కావాలి.