లూప్ బాగుంది, క్యాప్షన్లు బాగున్నాయి, మైకు దగ్గరే తేడా కొట్టింది

నాకు రెండు చెవులకూ వినికిడి మిషన్లున్నాయి. ఎదురుగా కూర్చుని మాట్లాడితే ఇబ్బంది లేదు కానీ, వందలమంది ఉన్న హాల్లో అవి పెద్దగా అక్కరకు రావు. వక్త దూరమయ్యేకొద్దీ మాట బలం తగ్గుతుంది, ప్రతిధ్వనినీ పక్కవాళ్ల గుసగుసల్నీ కూడా మిషన్ కలిపి పెంచేస్తుంది. మా సంఘం వార్షిక సమావేశానికి ఈసారి వినికిడి ఏర్పాట్లను ఒక సంస్థకు అప్పగించారు. ఈ రివ్యూ వాళ్ల పని గురించే.

ముందు లూప్. హాలు చుట్టూ నేల మీద తీగ పరిచారు. మైకులో పడిన మాట ఆ తీగలో కరెంటుగా పారి అయస్కాంత క్షేత్రం పుట్టిస్తే, మిషన్‌లో ఉండే టీ-కాయిల్ అనే చిన్న తీగచుట్ట దాన్ని అందుకుంటుంది. నా మిషన్లను 'టీ' ప్రోగ్రామ్‌కి మార్చగానే హాల్లో రొద పోయి వక్త గొంతు నేరుగా చెవిలో పలికింది. ఆయన కాగితం తిప్పిన చప్పుడు కూడా! సభ మొదలవకముందే వాళ్ల టెక్నీషియన్ మీటరు పట్టుకుని వరసవరసా తిరిగాడు. స్టీలు స్తంభాల పక్కన సిగ్నల్ పడిపోతోందని ఆ కుర్చీల మీద కాగితాలు అంటించాడు. ఆ శ్రద్ధ నాకు చాలా నచ్చింది. టీ-కాయిల్ లేనివాళ్లకు రిసీవరు, హెడ్‌ఫోన్లు ఇచ్చారు. కొన్ని మిషన్లలో కాయిల్ ఉన్నా ఆన్ చేసి ఉండదు, ఆడియాలజిస్టుతో (వినికిడి నిపుణులతో) ముందే చేయించుకుని వెళ్లండి.

ఇక క్యాప్షన్లు, అంటే వక్త మాటలు అప్పటికప్పుడు తెరమీద అక్షరాల్లో పడటం. వాటిని స్టెనో మిషన్ (మాట వేగంతో టైపు చేసే పరికరం) మీద మనిషే కొట్టారు. వక్తల పేర్లు, సాంకేతిక పదాలు ముందే తెప్పించుకున్నారట, తప్పులు దాదాపు లేవు. పక్కనున్న చిన్న గదిలో మాత్రం మనిషి లేకుండా కంప్యూటరే రాసే ఆటోమేటిక్ క్యాప్షన్లు పెట్టారు. అవి ఒకచోట 'కాదు' అన్న మాటను మింగేసి అర్థాన్నే తిరగేశాయి. ఒక్క మాట పోయినా అర్థం మారిపోయే చోట వాటిని నమ్ముకోకూడదు.

అసలు బాధ ప్రశ్నల సమయంలో. "నా గొంతు అందరికీ వినపడుతుందిలెండి, మైకెందుకు?" అంటూ ఒకాయన లేచారు. లూప్‌లో నిశ్శబ్దం. తెరమీద "ప్రశ్న వినపడలేదు" అని పడింది. అధ్యక్షులవారు ప్రశ్నను తిరిగి చెప్పకుండానే "అవును, నిజమే" అని జవాబు మొదలుపెట్టారు. దేనికి అవునో మాకెవ్వరికీ తెలియలేదు. మైకులో పడని మాట లూప్‌కీ అందదు, క్యాప్షన్లు కొట్టేవారికీ అందదు. ఈ సంగతి నేను చీటీ రాసి పంపితే, మధ్యాహ్నం నుంచి ఇద్దరు మైకులు పట్టుకుని వరసల మధ్య తిరిగారు. అప్పుడు వినికిడి లోపం లేని నా పక్కావిడ కూడా "ఇప్పుడు హాయిగా ఉందండీ" అన్నారు.

లూప్‌కీ, మనిషి కొట్టిన క్యాప్షన్లకీ పూర్తి మార్కులు. మైకులకు సగమే. మీరు ఇలాంటి సేవ మాట్లాడుకునేటప్పుడు ప్రేక్షకుల్లోకి మైకు ఎవరు తీసుకెళ్తారో ఒప్పందంలోనే రాయించుకోండి. స్లైడ్లు వేసినప్పుడు లైట్లన్నీ ఆర్పేయకుండా వక్త ముఖం మీద ఒకటి వెలగనివ్వమని కూడా చెప్పండి. పెదాల కదలిక చూసి మాట పట్టుకునేవాళ్లం చాలామందిమి ఉంటాం.