లిబ్‌వెబ్‌సాకెట్స్: నాలుగు మిర్చి సీజన్ల తర్వాత

లిబ్‌వెబ్‌సాకెట్స్ అంటే వెబ్‌సాకెట్ కనెక్షన్ల కోసం (తెరిచే ఉండి, రెండువైపులా డేటా పంపుకునేవి) సీ భాషలో రాసిన లైబ్రరీ. ఇన్‌స్టాల్ చెయ్యడం, కనెక్షన్ తెరవడం లాంటివి రాయను. ఉదాహరణ ప్రోగ్రాములు లైబ్రరీతోనే వస్తాయి. నేను చెప్పాలనుకున్నది డేటా పంపే ఒక్క ఫంక్షన్ గురించే, ఎల్‌డబ్ల్యూఎస్ రైట్. అదంటే నాకు నాలుగేళ్ల ఇష్టం, మధ్యలో ఓ వారం పట్టరాని కోపం.

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్లకు చిన్న పెట్టెలు చేసిస్తాను. లోపల రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు, దాంట్లో సీ ప్రోగ్రాము. కాటా మీద టిక్కీ (మిర్చి బస్తా) పడగానే బరువు గుమాస్తా ట్యాబ్‌లో కనపడాలి, అంతే. మొదటి రెండు సీజన్లు నా పెట్టే సర్వరు, ట్యాబ్ వచ్చి దానికి కనెక్టయ్యేది.

ఈ లైబ్రరీలో మనకు తోచినప్పుడు పంపేయడం కుదరదు. ‘పంపాల్సింది ఉంది’ అని చెప్పి ఊరుకోవాలి. సాకెట్‌లో జాగా దొరికినప్పుడు అదే మనల్ని పిలుస్తుంది, అప్పుడు ఒక్కసారి రాయాలి. మొదట్లో చిరాకేసింది. మార్చిలో సరుకు పోటెత్తి, వైఫై నత్తనడక నడిచినా ప్రోగ్రాము ఎక్కడా బిగుసుకుపోకపోవడం చూశాక దాని విలువ తెలిసింది. బఫరు (పంపే డేటా ఉంచే మెమరీ) ముందు 16 బైట్లు ఖాళీ వదలమంటుంది కదా, అదీ నచ్చింది. టిక్కీ మూతి కుట్టడానికి పైన కాస్త జాగా వదిలినట్టు. ఫ్రేమ్ హెడర్ (డేటాకు ముందు వెళ్లే చిన్న సమాచారం) ఆ ఖాళీలో రాసేసి మొత్తం ఒకేసారి పంపిస్తుంది, డేటాను ఇంకోచోటికి కాపీ కొట్టే పని లేదు. బ్రాడీపేటలో టీ తాగుతూ ఒక ఫ్రెండ్‌తో ‘పంపడం ఒక్క లైను పనిరా’ అన్నాను కూడా.

మూడో సీజన్‌లో ఒక కొట్టు యజమాని బరువులు ఇంట్లోంచి కూడా చూడాలన్నారు. అందుకని పెట్టెను క్లయింటుగా (తానే వెళ్లి కనెక్టయ్యేదిగా) మార్చి, కొట్లో సర్వరుకొకటి, బయట అద్దెకు తీసుకున్న సర్వరుకొకటి, రెండు కనెక్షన్లు పెట్టాను. పంపే బఫరు మాత్రం ఒకటే. రెండిటికీ వెళ్లేది అదే బరువు కదా.

రెండో రోజు పొద్దున్నే గుమాస్తా ఫోన్. ‘బాబూ, ఇక్కడ పడట్లేదు, ఇంట్లో అమ్మగారి ఫోన్‌లో పడతందంట.’ నేను వెళ్లేసరికి తిరగబడింది: కొట్లో వస్తోంది, ఇంట్లో రావట్లేదు. సిమ్ మార్చాను, రౌటర్ మార్చాను, మిర్చి దుమ్ము పోయిందేమోనని తుమ్ముకుంటూ పెట్టె విప్పి దులిపాను. సర్వర్లు రెండూ మాటిమాటికీ 1007 కోడ్‌తో కనెక్షన్ మూసేస్తున్నాయి. టెక్స్ట్ అని చెప్పి యూటీఎఫ్-8 (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) కానిది పంపారు అని దాని అర్థం. నేను పంపేది ఉత్త ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు!

ఆధారం లాగ్‌లో దొరికింది. ఎప్పుడైనా ఒకసారి మూసేయకుండా చెత్త లైను ఒకటి లోపలికి వచ్చేది. పొడవు మాత్రం నేను పంపినదానితో సరిసమానం. నా సీరియల్ నంబరులో వరసగా 8 సున్నాలుంటాయి. ఆ చెత్తలో సరిగ్గా అదే చోట ఒకే నాలుగు అక్షరాలు రెండుసార్లు వచ్చాయి. నాలుగు... అప్పుడు వెలిగింది.

2011లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6455 (వెబ్‌సాకెట్ ప్రమాణం) ప్రకారం, క్లయింటు పంపే ప్రతి ఫ్రేమూ నాలుగు బైట్ల మాస్క్‌తో ఎక్సార్ అయ్యి (బిట్లు కలిసి రూపు మారి) వెళ్లాలి. దారిలో ఉండే ప్రాక్సీలను (మధ్యవర్తి సర్వర్లను) ఎవరూ మోసం చెయ్యకుండా పెట్టిన నియమం. సర్వరు పంపేవాటికి మాస్క్ ఉండదు. ఈ లైబ్రరీ ఆ మాస్క్‌ను మనం ఇచ్చిన బఫరు మీదే వేస్తుంది. జీడీబీ డీబగ్గర్‌లో రైట్‌కు ముందు బఫరు చూస్తే చక్కటి జేసన్, తర్వాత చూస్తే పిచ్చి అక్షరాలు. ముందు ఎవరికి పంపితే వాళ్లకు బరువు, రెండోవాళ్లకు మసి: వాళ్లు తమ మాస్క్ తీసినా మొదటి మాస్క్ మిగిలిపోతుంది. ఏ సాకెట్ ముందు ఖాళీ అవుతుందో దాన్నిబట్టి బాధితులు మారుతున్నారు! రెండేళ్లు సర్వరుగా వాడాను కాబట్టి ఇది నా కంట పడలేదు.

కాపీ కొట్టదని మెచ్చుకున్నానే, దాని ఖరీదు ఇదన్నమాట. కోపం చల్లారాక హెడర్ ఫైలు తెరిచి చూశాను. ఆ ఫంక్షన్ తీసుకునే పాయింటరుకు కాన్స్ట్ (మార్చను అన్న హామీ) లేదు. నీ బఫరును నేను మారుస్తాను అని మొదటి రోజే చెప్పింది. కంపైలర్ కూడా వార్నింగ్ ఇచ్చింది, నేనే క్యాస్ట్ (రకం మార్పు) పెట్టి నోరు నొక్కాను.

ఇప్పుడు ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో బఫరు, ప్రతిసారీ రాసే ముందు మెమ్‌కాపీ. వంద బైట్లు దాటని మెసేజ్‌కి అదేం బరువు కాదు. పెద్ద ఫైళ్లు పంపేవాళ్ల లెక్క వేరు. కాటా చదివే థ్రెడ్‌లోంచి ‘పంపాల్సింది ఉంది’ అని చెప్పినా తిప్పలే. వేరే థ్రెడ్‌లోంచి ధైర్యంగా పిలవదగ్గది క్యాన్సిల్ సర్వీస్ అనే ఫంక్షన్ ఒక్కటే. కాబట్టి ‘ఒక్క లైను’ అన్న మాట ఇప్పుడు అంత గట్టిగా అనను.

క్లయింటు ఒక్కటే కావాలి, అప్పుడప్పుడూ నాలుగు మాటలు పంపితే చాలు అనుకుంటే లిబ్‌కర్ల్ అనే ఇంకో లైబ్రరీ చూడండి. దాని 7.86 వెర్షన్‌లో ప్రయోగంగా వచ్చిన వెబ్‌సాకెట్, 8.11 నుంచి ప్రయోగమన్న ముద్ర పోగొట్టుకుంది. దాంట్లో పంపే ఫంక్షన్ కాన్స్ట్ పాయింటరే తీసుకుంటుంది. నాకైతే కొన్ని కొట్లలో పెట్టె ఇంకా సర్వరే, కొన్నిట్లో క్లయింటు. రెండూ ఒకే లైబ్రరీతో అయిపోతున్నాయని దీన్ని వదల్లేదు. కొత్త వెర్షన్ సంగతి మాత్రం యార్డుకు వేసవి సెలవులిచ్చాకే. సరుకు దిగే రోజుల్లో నడుస్తున్న పెట్టె జోలికి వెళ్లను.