గేరు దించే ముందు రేసు ఇయ్యాల: ఆరేళ్లుగా ఆడుతున్న అసెట్టో కోర్సా

కంప్యూటర్ గేములు అమ్మే స్టీమ్‌లో నా ఖాతా తెరిస్తే, అసెట్టో కోర్సా అనే కారు రేసు గేమ్ పక్కన 1,140 గంటలు అని ఉంది. గేమ్ ఆన్‌లో పెట్టి అన్నానికి పోయిన గంటలు ఓ వంద తీసేసినా, మిగతాదంతా స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నదే. మా ఇంట్లో ఈ అంకె ఇంతవరకు చెప్పలేదు.

నేను కొన్నది 2019లో, డిస్కౌంట్ ఉన్నప్పుడు. అప్పటికే అది పాత గేమ్. ఇటలీలో వల్లెలుంగా రేస్ ట్రాక్ దగ్గర పనిచేసే కునోస్ సిములాజియోని అనే స్టూడియో దీన్ని 2013 చివర్లో ఎర్లీ యాక్సెస్‌గా, అంటే పూర్తి కాకముందే అమ్మకానికి వదిలి, 2014 డిసెంబరులో పూర్తిగా విడుదల చేసింది. ఇంత పాతదానికి ఇప్పుడు రివ్యూ ఎందుకంటారా? ఈ మధ్య మా కడపలోనే ముగ్గురు పిల్లోళ్లు విడివిడిగా ఫోన్ చేసి "అన్నా, స్టీరింగ్ కొంటున్నా, ఏ గేమ్ తీసుకోమంటావ్" అని అడిగారు. ముగ్గురికీ అరగంట చొప్పున చెప్పాను. నాలుగోవాడికి ఇది పంపిస్తాను.

మొదటి నెల కీబోర్డుతో ఆడాను. ఆ నెలను లెక్కలోంచి తీసేయండి. కీబోర్డుతో ఈ గేమ్ ఆడడం చెంచాతో సంగటి తిన్నట్టే, కడుపు నిండదు, చెయ్యి నొప్పి. తర్వాత బెంగళూరులో ఒకతని దగ్గర పాత స్టీరింగ్, మూడు పెడల్స్, గేరు రాడ్ కలిపి 11 వేలకు దొరికాయి. పార్సిల్ బస్సులో వచ్చింది. పెట్టె విప్పి చూస్తే బ్రేకు పెడల్ సగం తొక్కగానే స్క్రీన్ మీద పూర్తిగా తొక్కినట్టు చూపించేది, ఒక్కోసారి కాలు తీసినా బ్రేకు పడే ఉండేది. అమ్మినతను ఫోన్ ఎత్తలేదు. పెడల్ విప్పి, లోపల పెడల్ ఎంత తొక్కామో కొలిచే పొటెన్షియోమీటర్‌ను కాంటాక్ట్ స్ప్రేతో కడిగితే దారికొచ్చింది. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ముందు వీడియో కాల్‌లో పెడల్ గీతలు కదిలించి చూపించమనండి. స్టీరింగ్ కన్నా ముందు పాడయ్యేది పెడల్సే.

ఇక అసలు సంగతికి వస్తా. ఈ గేమ్ "రియలిస్టిక్" అని అందరూ అంటారు. దేంట్లో రియలిస్టిక్? బొమ్మలో కాదు. పదేళ్ల కిందటి గ్రాఫిక్స్, చెట్లు అట్టముక్కల్లా ఉంటాయి. దీని గొప్పతనమంతా టైర్లలో ఉంది. టైరు చల్లగా ఉంటే పట్టు ఉండదు, మరీ వేడెక్కినా ఉండదు. గాలి ఎక్కువైతే ఒక రకం, తక్కువైతే ఒక రకం. బ్రేకు గట్టిగా తొక్కి చక్రం కదలకుండా జారిస్తే ఆ ఒక్కచోట అరిగిపోయి, తర్వాత ప్రతి చుట్టుకీ స్టీరింగ్‌లో దడదడమని తెలుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, టైరుకు ఉండే పట్టు ఒక్క బిందె నీళ్లంత. దాన్ని బ్రేకుకు వాడుకుంటావో, తిప్పడానికి వాడుకుంటావో నీ ఇష్టం. బ్రేకుకే బిందె మొత్తం ఒంపేసి అప్పుడు స్టీరింగ్ తిప్పితే కారు తిప్పినవైపు రాదు, ముక్కుసూటిగా పోయి గోడకు కొడుతుంది. కొత్తవాళ్లు అందరూ ఇక్కడే "గేమ్ బాగలేదు, స్టీరింగ్ తిరగడం లేదు" అంటారు. నేనూ అన్నాను. స్టీరింగ్ వచ్చిన మొదటి వారం అబార్త్ 500 అనే బుల్లి కారుతో ప్రతి మలుపులోనూ గడ్డిలోకి పోయి, సెట్టింగులన్నీ మార్చి చూశాను. మార్చుకోవాల్సింది కాలు అని తెలియడానికి ఇంకో నెల పట్టింది. మలుపులోకి వస్తూ బ్రేకును ఒక్కసారి వదిలేయకుండా, స్టీరింగ్ ఎంత తిప్పుతామో అంతంత మేర బ్రేకు వదులుతూ పోవాలి. అప్పుడు బరువు ముందు టైర్ల మీద ఉండి కారు తిరుగుతుంది. ఇది నోటితో చెప్పడం తేలికే, కాలికి ఎక్కాలంటే మాత్రం వందల మలుపులు కావాలి.

మా నాయన ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైర్ అయినాడు. కడప నుంచి రాయచోటి మీదుగా మదనపల్లె రూటు ఎక్కువ కాలం చేశాడు. అంటే గువ్వలచెరువు ఘాట్ ఆయనకు మా ఇంటి మెట్ల లాంటిది. ఒకరోజు సాయంత్రం వచ్చి, "ఏదీ ఇట్లియ్యి" అని కూర్చున్నాడు. నేను లోపల్లోపల సంబరపడ్డాను, ఇంత అనుభవం ఉన్న మనిషి నన్ను మించి తోలతాడని. మజ్దా ఎంఎక్స్-5 అనే చిన్న స్పోర్ట్స్ కారు ఇచ్చి, ఇటలీలోని మోంజా ట్రాకులో వదిలాను. మొదటి మలుపులోనే కారు గిర్రున తిరిగింది. రెండోసారి కూడా. మూడోసారికి స్టీరింగ్ వదిలేసి నావైపు చూశాడు.

"బండి జారేది చేతికంటే ముందు నడుముకు తెలుస్తాది రా. ఈడ నడుము కింద కుర్చీ ఉండాది, బండి యాడుంది?"

ఈ గేమ్ మీద నేను చదివిన రివ్యూలన్నిటిలోకీ సూటి మాట ఇదే. నిజం బండిలో వెనక భాగం జారడం మొదలవగానే ఒంటికి తెలుస్తుంది. ఇక్కడ ఆ సమాచారమంతా స్టీరింగ్‌లోని మోటారు ద్వారా అరచేతులకు మాత్రమే వస్తుంది. అందుకే ఆ మోటారు చేతికిచ్చే బలం, అంటే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్, సరిగా పెట్టుకోకపోతే ఈ గేమ్ సగం చచ్చినట్టే. మన చిన్న స్టీరింగులకు బలం ఎక్కువ పెడితే బాగుంటుందని అందరూ వంద శాతం పెట్టేస్తారు. అది తప్పు. మోటారు ఇవ్వగలిగినదానికన్నా గేమ్ ఎక్కువ అడిగినప్పుడు, అన్ని బలాలూ ఒకటే మొద్దు బలంగా మారిపోతాయి, టైరు జారబోయే ముందు స్టీరింగ్ తేలికయ్యే సన్నటి తేడా అందులో కలిసిపోతుంది. గేమ్‌లోనే పెడల్స్ అనే చిన్న కిటికీ ఉంది, అందులో ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ గీత పొడుగాటి మలుపుల్లో ఎర్రబడుతుంటే బలం తగ్గించండి. నేను తగ్గించాక, నాయన ఇంకోసారి కూర్చుని "ఇప్పుడు కొంచెం తెలుస్తాంది" అన్నాడు.

ఆయన నాకు చేసిన మేలు మాత్రం వేరే. మోంజాలో పెద్ద స్ట్రెయిట్ చివర టాప్ గేరు నుంచి రెండో గేరుకు దిగి, చికేన్ అనే, అటూ ఇటూ మెలిక తిరిగే ఇరుకు మలుపులోకి తిరగాలి. అక్కడ పది ల్యాపుల్లో (చుట్లలో) నాలుగుసార్లు నా కారు వెనక భాగం తిరిగిపోయేది. యూట్యూబ్‌లో చూసి సస్పెన్షన్ మార్చాను, బ్రేకు బలాన్ని ముందు చక్రాల వైపు జరిపాను, టైర్ల గాలి తగ్గించాను. మా నాయన వెనక నిలబడి టీ తాగుతూ రెండు ల్యాపులు చూసి అన్నాడు:

"గేరు దించే ముందు రేసు ఇయ్యాల. ఊరికే క్లచ్ వదిల్తే యనక చక్రాలు పట్టేస్తాయి గదా."

రేసు ఇవ్వడం అంటే మా వైపు డ్రైవర్ల భాషలో యాక్సిలరేటర్ ఒక్కసారి తొక్కి ఇంజన్ వేగం పెంచడం. గేర్ల వేగాన్ని దానంతటదే కలిపే సింక్రోమెష్ లేని పాత బస్సుల్లో గేరు దించాలంటే క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, క్లచ్ వదిలి రేసు ఇచ్చి, మళ్లీ క్లచ్ తొక్కి కింది గేరు వేసేవాళ్లు. లేకపోతే గేరు గరగరమని అరుస్తుంది గానీ పడదు. దాన్నే డబుల్ క్లచ్ అంటారు. నా సమస్య దానికి చుట్టమే. గట్టిగా బ్రేకు వేస్తే బరువంతా ముందుకు పోతుంది, వెనక టైర్ల మీద బరువు తగ్గి పట్టు కూడా తగ్గుతుంది. అదే క్షణంలో నేను రెండో గేరు వేసి క్లచ్ వదిలితే, నెమ్మదిగా తిరుగుతున్న ఇంజన్ వెనక చక్రాలను పట్టి లాగేది. హ్యాండ్ బ్రేకు వేసినట్టే. అందుకని బ్రేకు మీద కాలి ముందు భాగం ఉంచి, అదే పాదం అంచుతో యాక్సిలరేటర్‌ను తట్టి, ఇంజన్ వేగం చక్రాలకు సరిపోయేట్టు పెంచి క్లచ్ వదలాలి. రేసర్లు చేసేదీ ఇదే. నాకు పెడల్స్ మధ్య ఎడం సరిపోక, యాక్సిలరేటర్ మీద చెక్కముక్క బిగించుకోవాల్సి వచ్చింది. ఇన్ని నెలలు సెట్టింగుల్లో వెతికిన జబ్బుకు మందు ఇంట్లోనే టీ తాగుతూ ఉంది. ఒక పాత బస్సు డ్రైవర్ మాట కంప్యూటర్ గేమ్‌లో అక్షరాలా పనిచేసిందంటే, ఆ టైర్ల లెక్క రాసినవాళ్లకు దండం పెట్టాలి.

ట్రాకుల్లో నా ప్రాణం జర్మనీలోని నూర్బుర్గ్‌రింగ్ నార్డ్‌ష్లైఫె. 2015లో మొదటి పెయిడ్ ప్యాక్‌తో వచ్చింది. ఒక్క ల్యాపు 20.8 కిలోమీటర్లు. కడప నుంచి గువ్వలచెరువు దాకా పోయే దారిని ఎక్కడా కాలు తీయకుండా పోతున్నట్టు ఊహించుకోండి. 1927లో తెరిచిన ఈ ట్రాకును ఫార్ములా వన్ రేసర్ జాకీ స్టీవర్ట్ "పచ్చ నరకం" అన్నాడు. 1976లో ఇంకో రేసర్ నికీ లౌడా కారు తగలబడింది ఇక్కడే, ఆ తర్వాత ఫార్ములా వన్ ఈ పాత ట్రాకుకు మళ్లీ రాలేదు. గేమ్‌లో దీన్ని లేజర్ స్కాన్ చేసి పెట్టారు. అంటే నిజం రోడ్డు మీది ఎత్తుపల్లాలు, అతుకులు కొలిచి దించారు. కారుసెల్ అనే కాంక్రీటు మలుపులోకి దిగినప్పుడు స్టీరింగ్ చేతుల్లో ఎంత వణుకుతుందంటే టేబుల్ మీద గ్లాసు కదులుతుంది. ఫుక్స్‌రోరె దిగువలో కారు నేలకు అతుక్కుని, మళ్లీ తేలికైపోయే చోట భయపడి కాలు తీశారా, అయిపోయారు. మూడు నెలలు పట్టింది నాకు ఎంఎక్స్-5తో ఎక్కడా గీసుకోకుండా పది నిమిషాలకు దిగువన ఒక్క ల్యాపు తిప్పడానికి. దానికి ముందు రోజు కూడా దాదాపు తిప్పేశాను, చివరి పెద్ద స్ట్రెయిట్‌లో ఉండగా కరెంటు పోయింది. మే నెల, మధ్యాహ్నం రెండు. మరుసటి రోజే యూపీఎస్ కొన్నాను. దాన్ని కూడా గేమ్ ఖర్చులో కలపాలి.

మంచిగా లేనివి చెప్పకపోతే రివ్యూ కాదు. కంపెనీ ఇచ్చిన గేమ్‌లో వాన లేదు, రాత్రి లేదు, పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకానే. కెరీర్ మోడ్ చప్పగా ఉంటుంది, నేను సగంలో వదిలేశాను. కంప్యూటర్ తోలే కార్లకు కళ్లుండవు, తమ గీత మీద తాము పోతుంటాయి, మనం పక్కన ఉన్నా వచ్చి ఆనుకుంటాయి. అసలు మెనూ కూడా విసుగు పుట్టించేదే. అయితే వీటిలో సగానికి పైగా ఆటగాళ్లే బాగుచేసుకున్నారు. మోడ్‌లు అంటే ఆటగాళ్లు తయారుచేసి గేమ్‌కు కలిపేవి. వాటిలో కంటెంట్ మేనేజర్ వేసుకుంటే మెనూ బాధ పోతుంది. కస్టమ్ షేడర్స్ ప్యాచ్, సోల్ వేస్తే రాత్రి, మబ్బులు, హెడ్‌లైట్లు వస్తాయి. ఆ ప్యాచ్ ప్రివ్యూ వెర్షన్లలో తడి రోడ్డు కూడా ఉంది, దానికి డబ్బు కట్టాలి. ఈ మోడ్‌ల వల్లే గేమ్ ఇంకా బతికి ఉంది. గ్రేటర్ నోయిడాలోని మన బుద్ధ్ సర్క్యూట్ కూడా మోడ్‌గా దొరుకుతుంది. 2011 నుంచి 2013 దాకా మూడేళ్లు ఫార్ములా వన్ జరిగి, మూడుసార్లూ రేసర్ వెటెల్ గెలిచిన 5.125 కిలోమీటర్ల ట్రాకు. టీవీలో చూసినదాన్ని చేత్తో తోలడం బాగానే ఉంటుంది గానీ, దేన్నిబట్టి చేశారో తెలియని మోడ్‌లలో రోడ్డు మరీ నున్నగా ఉంటుంది, నార్డ్‌ష్లైఫె తర్వాత అది ఇట్టే తెలిసిపోతుంది. దొరికిన ప్రతి మోడూ వేసుకోవద్దు. ఒకసారి నేను ఉచితంగా వచ్చినవన్నీ నింపుకుని గేమ్ తెరుచుకోక, మొత్తం చెరిపి మళ్లీ దించుకున్నాను. 60 జీబీకి పైనే.

ఆన్‌లైన్ సంగతి కొంచెమే చెబుతా. మంచి సర్వర్లు ఎక్కువగా యూరప్‌లో ఉంటాయి, ఇక్కడి నుంచి నాకు పింగ్, అంటే సర్వర్‌కు సమాచారం పోయి వచ్చే ఆలస్యం, 170 మిల్లీసెకన్ల దాకా చూపిస్తుంది. పక్కపక్కన పోతుంటే అవతలి కారు తెరమీద ఉన్నచోట నిజంగా ఉండదు, తగలకపోయినా తగిలినట్టు ఎగిరిపడతాం. పైగా ఎవరైనా వచ్చే ఉచిత సర్వర్లలో మోంజా మొదటి మలుపు సాయంత్రం ఆరింటికి మా కడప ఏడు రోడ్ల కూడలి లాగా ఉంటుంది. పేరు నమోదు చేసుకుని, నియమాలు పాటించే లీగుల్లో ఆడితే బాగుంటుంది. నేను మాత్రం గడియారంతో పోటీ పడడమే ఎక్కువ.

దీని తర్వాత అదే స్టూడియో 2019లో అసెట్టో కోర్సా కాంపెటిజియోనె తెచ్చింది. వాన, రాత్రి, జీటీ3 అనే తరగతి రేసు కార్లు, బొమ్మ చాలా బాగుంటుంది. రేసులు ఆడాలనుకునేవాళ్లకు అదే మేలు. కానీ దానికి గట్టి గ్రాఫిక్స్ కార్డు కావాలి, మామూలు కార్లు లేవు. 2025 జనవరిలో అసెట్టో కోర్సా ఈవో ఎర్లీ యాక్సెస్‌గా వచ్చింది, మా మిత్రుడి ఇంట్లో గంటసేపు తోలి చూశాను, పూర్తయ్యేదాకా ఆగుతాను. స్టీరింగ్‌కే డబ్బులన్నీ అయిపోయి పాత కంప్యూటర్‌తో మొదలుపెట్టేవాడికి నేను ఇప్పటికీ పాత అసెట్టో కోర్సానే చెబుతాను, డిస్కౌంట్‌లో అన్ని ప్యాక్‌లూ కలిసిన అల్టిమేట్ ఎడిషన్ చూసుకుని. కారు ఎంఎక్స్-5, టైర్లు స్ట్రీట్, ఏబీఎస్ వగైరాలన్నీ "ఫ్యాక్టరీ" మీద. అంటే నిజం కారులో ఏవి ఉంటే అవే ఉంటాయి. ఒక నెల వేరే కారు ముట్టుకోవద్దు.

నాయనకు ఇప్పుడు మోంజా, నూర్బుర్గ్‌రింగ్ ఏవీ పట్టవు. ఆయనకు నచ్చింది ఒక్కటే, ట్రెంటో-బొందోనె. ఇటలీలో కొండ ఎక్కే దారి. వారానికి ఒకసారి వచ్చి రెండో గేరు, మూడో గేరులో నిదానంగా పైదాకా ఎక్కుతాడు. టైము అడగడు. మొదటిరోజే "హారన్ యాడుందిరా" అని అడిగితే స్టీరింగ్ మీద ఒక బటన్ పెట్టిచ్చాను. ప్రతి గుడ్డి మలుపులోనూ కొడతాడు. ఈ దారిలో ఎదురుగా ఎవరూ రారు నాయనా అని చెప్పి చూశాను.

"నాకు తెలుసులేరా, చేతికి తెలీదు గదా" అన్నాడు, ఇంకో మలుపు రాగానే మళ్లీ కొట్టాడు.