ఎన్‌హెచ్‌కే చందా: మిగులు తిరిగొస్తే నెలకు 125 యెన్లు

జపాన్‌లో ఇంట్లో టీవీ పెట్టుకుంటే ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కేతో చందా ఒప్పందం తప్పదు. చూస్తారో లేదో వాళ్లకు అనవసరం. ఇది రాజ్యాంగానికి విరుద్ధం కాదని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులోనే తేల్చేసింది. ప్రకటనలు ఉండవు, భూకంపం వస్తే ముందు తిప్పే ఛానెలూ ఇదే. కార్యక్రమాల మీద పెద్దగా ఫిర్యాదు లేదు, పేచీ అంతా డబ్బు దగ్గరే.

ఏటా సంస్థ బడ్జెట్‌కు మంత్రి అభిప్రాయం జోడించి పార్లమెంటు ఆమోదానికి పంపుతారు. అంత పహరా ఉన్నా నిల్వలు పేరుకుపోయాయి. అందుకే 2022లో ప్రసార చట్టాన్ని సవరించారు. మిగులు ఒక హద్దు దాటితే ఆ పైమొత్తాన్ని విడిగా జమచేయాలి, దాన్ని చందా తగ్గించడానికే వాడాలి. 2023 అక్టోబరులో మామూలు చందా నెలకు 1,225 నుంచి 1,100 యెన్లకు, శాటిలైట్‌ది 2,170 నుంచి 1,950కి దిగాయి. చెల్లింపు స్లిప్పుతో కట్టేవాళ్లకు అంతకుముందు 50 యెన్లు ఎక్కువ పడేది. ఆ తేడా కూడా పోయింది కాబట్టి అసలు లాభం వాళ్లదే. అయితే ఆ ఏడాదే సంస్థ లెక్కలు 34 ఏళ్లలో తొలిసారి లోటులోకి జారాయి. ఆ లోటును నిల్వలతోనే పూడుస్తున్నారు. కాబట్టి ఇంకో తగ్గింపు వెంటనే వస్తుందని లెక్కలేసుకోకండి.

మామూలు చందా ఏడాదికి ఒకేసారి కడితే 12,276 యెన్లు. నెలల లెక్కన 13,200 అవుతుంది, అంటే 924 మిగులుతాయి. చదువుకోసం వేరే ఊళ్లో ఉండే పిల్లల గదికి సగం రాయితీ ఉంది, కొందరికి పూర్తి మినహాయింపే దొరుకుతుంది. దరఖాస్తు పెట్టకపోతే మాత్రం ఏదీ దానంతటది రాదు.

జేబుకు చిల్లు పెట్టేది అపార్ట్‌మెంట్ కప్పు మీది ఉమ్మడి శాటిలైట్ యాంటెన్నా. దానికి కలిపిన టీవీలో శాటిలైట్ ట్యూనర్ (ప్రసారాన్ని అందుకునే భాగం) ఉంటే, ఆ ఛానెళ్లు ఎప్పుడూ పెట్టకపోయినా నెలకు 850 యెన్లు అదనం. గది అద్దెకు తీసుకునేటప్పుడే అడగండి. టీవీ పెట్టిన నెల పోను, మరో రెండు నెలలు ముగిసేలోపు దరఖాస్తు చేయకపోతే, బాకీతో పాటు దానికి రెట్టింపు అదనంగా వడ్డించవచ్చు. 2023 ఏప్రిల్ నుంచి ఈ నిబంధన ఉంది.

ఈ సేవలో మార్కులు తెగ్గోయాల్సింది రద్దు దగ్గరే. కేబుల్ పీకేస్తే సరిపోదు, టీవీ లేదని చెప్పి ఫారం పంపాలి. పాత టీవీ ఇచ్చేసినప్పటి రీసైక్లింగ్ రసీదు పారేయకండి, అడిగితే అదే ఆధారం. ట్యూనర్ లేని టీవీతో యాప్‌లు చూసుకునేవాళ్లకు ఈ తలనొప్పే లేదు. కాకపోతే ఎన్‌హెచ్‌కే నెట్ సేవలో చేరితే వాళ్లకూ నెలకు అదే 1,100.